రెండు పిల్లులు, నెలకు మూడు వేలు: పచ్చి మాంసం పెట్టొచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. గుంటూరులో అపార్ట్‌మెంట్. మూడేళ్ల మగపిల్లి, నాలుగు కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఎనిమిది నెలల ఆడ కూన. రోజుకు తడి తిండి ఉండే ఐదారు పౌచ్‌లు ఖాళీ అవుతున్నాయి, నెలకు ఏడెనిమిది వేలు వాటికే పోతోంది. దాన్ని మూడు వేలలోకి తేవాలి. పచ్చి చికెన్ పెడితే పిల్లికి సహజమని వీడియోల్లో చూశారు. మగపిల్లికి లివర్ అంటే ప్రాణం కాబట్టి రోజూ అదే పెడితే చవకగా అయిపోతుంది కదా అని మీ ఆలోచన. ఎముకలు పెట్టొచ్చా అని కూడా అడిగారు. అమ్మగారేమో పెరుగన్నం పెడితే చాలంటున్నారు, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం ఉంచితే ఊరుకోనంటున్నారు.

మూడు వేలలో అవుతుంది. ఇంకా తక్కువలోనూ అవుతుంది. అయితే డబ్బు మిగిలేది మాంసం పచ్చిగా పెట్టడం వల్ల కాదు, పౌచ్‌లు మానడం వల్ల. ఈ రెండూ వేరు వేరు సంగతులు, వీడియోల్లో కలిపేస్తారు.

నేను డాక్టర్ని కాను. కాకినాడలో పద్నాలుగేళ్లుగా పిల్లులతో ఉంటున్నాను, ప్రస్తుతం ఐదున్నాయి. చాలా ఏళ్లు సగం పచ్చి మాంసమే పెట్టాను. ఇప్పుడు పెట్టడం లేదు, ఎందుకో కింద చెప్తాను. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీరిప్పుడు సరిగ్గా దాని గుమ్మంలో ఉన్నారు.

మిరియం అని ఒక నల్ల కూన ఉండేది. రెండు నెలల పిల్లని తెచ్చి మూడు నెలల పాటు రాజాలా పెంచాను. బోన్‌లెస్ చికెన్, లివర్, అంతే. అన్నం మెతుకు కూడా తగలనివ్వలేదు. ఒకరోజు సోఫా ఎక్కబోయి ఆగిపోయింది. మర్నాటికి వెనక కాళ్లు ఈడుస్తోంది. ఎత్తుకుంటే అరుస్తోంది. డాక్టర్ గారు ఏం పెడుతున్నారని అడిగితే "రోజూ చికెనేనండీ" అని గొప్పగానే చెప్పాను. ఆయన ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నారు. ఎముక తెల్లగా కనబడాలి కదా, కండకీ ఎముకకీ తేడా తెలియనంత పల్చగా, పొగలా ఉంది. తొడ ఎముక ఒకచోట మడత పడ్డట్టు విరిగింది. ఎవరూ కొట్టలేదు, ఎక్కడి నుంచీ పడలేదు.

కారణం చిన్న లెక్క. వంద గ్రాముల బోన్‌లెస్ చికెన్‌లో భాస్వరం దాదాపు 200 మిల్లీగ్రాములుంటే కాల్షియం పది దరిదాపుల్లో ఉంటుంది. పిల్లికి ఈ రెండూ ఇంచుమించు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా కావాలి. తిండిలో లేకపోతే ఒళ్లు ఊరుకోదు, ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే కూనలో అది వారాల్లో బయటపడుతుంది, పెద్ద పిల్లిలో నెమ్మదిగా. మిరియాన్ని ఆరు వారాలు బోనులో కదలకుండా ఉంచి, కూనల డ్రై ఫుడ్ పెట్టి నిలబెట్టుకున్నాం. చివరి వరకు కొంచెం వంకరగానే నడిచింది.

అమ్మగారి మాటకు ఇక్కడే జవాబుంది. ఊళ్లో పిల్లులు పెరుగన్నం తిని పదేళ్లు బతికాయి, నిజమే. అవి పెరుగన్నం మీద బతకలేదు, ఎలుకల మీద బతికాయి. ఎలుకలో కండ, ఎముక, గుండె, కాలేయం, పొట్ట, రక్తం అన్నీ దాని కొలతలో దానికి ఉంటాయి. పెరుగన్నం పైన తాయిలం. మీ మూడో అంతస్తులో ఎలుక లేదు. కాబట్టి పెట్టేది పచ్చిదైనా ఉడికించినదైనా, మనం చేస్తున్న పని చికెన్ షాపు సరుకుతో ఎలుకను తయారు చేయడం. ఏ భాగం వదిలేస్తే ఆ లోటు పిల్లి ఒంట్లో తేలుతుంది.

లివర్ సంగతికి వద్దాం. రోజూ లివర్ వద్దు. క్యారెట్‌లో ఉండే రంగు పదార్థాన్ని మనం విటమిన్ ఎ గా మార్చుకుంటాం, పిల్లి మార్చుకోలేదు. దానికి తయారైన విటమిన్ ఎ మాంసం నుంచే రావాలి, అది లివర్‌లో దండిగా ఉంటుంది. కానీ ఈ విటమిన్ ఎక్కువైతే ఒంట్లోంచి పోదు, పేరుకుంటుంది. నెలల తరబడి లివరే ప్రధానంగా తిన్న పిల్లులకు మెడ ఎముకల మీద కొత్త ఎముక పెరిగి, మెడ బిగుసుకుపోయి, ఒళ్లు నాక్కోలేని స్థితి వస్తుంది. పెరిగిన ఎముక మళ్లీ కరగదు. మొత్తం మాంసంలో లివర్ ఇరవయ్యో వంతు చాలు, కిలోకు 50 గ్రాములు. చికెన్ షాపులో లివర్, కందనకాయలు కలిపి అమ్ముతారు కాబట్టి ఇంటికి తెచ్చి విడదీసుకోండి. కందనకాయ, గుండెకాయ కండ లెక్కలోకే వస్తాయి, వాటికి ఈ భయం లేదు.

గుండెకాయ అన్నాను కాబట్టి టౌరిన్ అనే పోషకం గురించి. కుక్క దీన్ని సాధారణంగా ఒంట్లోనే తయారు చేసుకుంటుంది, పిల్లి సరిపడా చేసుకోలేదు. లోటు పడితే కంటి రెటీనా పాడవుతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. టౌరిన్ లోటుకీ పిల్లుల గుండె జబ్బుకీ సంబంధం ఉందని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పనిచేసిన పాల్ పియాన్ బృందం 1987లో చూపించింది. అంతవరకు డబ్బాల్లో అమ్మే ఆహారంలో కూడా అది చాలినంత ఉండేది కాదు, ఆ తర్వాతే కంపెనీలు మోతాదు పెంచాయి. అంటే ఫ్యాక్టరీల వాళ్లకే తప్పిన లెక్క ఇది. కోడి రొమ్ము మాంసంలో టౌరిన్ బాగా తక్కువ, తొడ మాంసంలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, గుండెకాయలో కూడా బాగానే ఉంటుంది. మనుషులు ఎగబడే బ్రెస్ట్ పీసు పిల్లికి నాసిరకం, మనం పక్కన పెట్టేది దానికి మేలు రకం. చవకగా పెట్టడానికి ప్రకృతి ఇచ్చిన డిస్కౌంట్ అనుకోండి.

ఇక పచ్చిగా పెట్టడం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు బర్డ్ ఫ్లూతో చనిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారమే మా ఇంట్లో పచ్చి చికెన్ ఆపేశాను, మళ్లీ మొదలుపెట్టలేదు. హెచ్5ఎన్1, అంటే ఆ బర్డ్ ఫ్లూ వైరస్, పిల్లులకు మామూలు జ్వరం కాదు, ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకి రోజుల్లో చంపేయగలదు. ఆ ఏడాది మొదట్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లుల్లో అది బయటపడింది. అంతకు ముందు 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో గడప దాటని పిల్లి ఒకటి ఫ్రోజెన్ రా ఫుడ్ తిని చనిపోతే, పిల్లిలోని వైరస్సూ ఆ ప్యాకెట్‌లోని వైరస్సూ ఒకటేనని పరీక్షలో తేలింది. అది ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఆహారమే. గడ్డకడితే ఈ వైరస్ చావదు, ఉడికితే చస్తుంది. మనుషుల సంగతీ చెప్పాలి: 2025 మార్చిలో మన పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి ఇదే వైరస్‌తో చనిపోయింది, జబ్బు పడే ముందు పచ్చి చికెన్ ముక్క తిన్నట్టు వార్తల్లో వచ్చింది. ఇది మీ వంటింటి గట్టు సంగతి కూడా అవుతుందని చెప్పడానికే ఈ మాట.

సాల్మొనెల్లా బ్యాక్టీరియా సరేసరి. పిల్లి కడుపు దాన్ని చాలాసార్లు తట్టుకుంటుంది, కానీ లిట్టర్ బాక్సు ద్వారా మీకు అంటించగలదు. ఫ్రీజర్ దాన్నీ చంపదు. మేకమాంసంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని మాత్రం గట్టి ఫ్రీజింగ్ చంపుతుంది, మైనస్ పన్నెండు డిగ్రీల కంటే కింద కొన్ని రోజులు నిలకడగా ఉంటే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ అర, ఎండాకాలం కరెంటు కోతలు... ఆ నిలకడ మన ఇళ్లలో ఎంతుంటుందో మీరే ఆలోచించుకోండి. ఇంట్లో గర్భిణి, పసిపిల్ల, కీమో తీసుకునేవాళ్లు ఉంటే ఈ చర్చే అక్కర్లేదు.

"ఉడికిస్తే పోషకాలు పోతాయి కదా" అంటారు. కొన్ని పోతాయి, ఎక్కువ భాగం నీళ్లలోకి పోతాయి. టౌరిన్ కూడా అంతే. ఆ నీళ్లు పారబోయకుండా తిండిలో కలిపితే చాలావరకు వెనక్కి వస్తుంది. పచ్చిదానివల్ల వీడియోల్లో చెప్పే మెరిసే జుట్టు, వాసన తగ్గిన మలం నేనూ చూశాను, అబద్ధం కాదు. ఉడికించిన మాంసంతో కూడా అవే చూస్తున్నాను. తేడా పచ్చిదనంలో కన్నా తిండిలో మాంసం వాటాలో ఉందని నా అనుభవం.

ఇప్పుడు డబ్బు. నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకు 200 కేలరీల పైచిలుకు కావాలి. పౌచ్ ఒక్కోటి 60 నుంచి 80 కేలరీలు, సగానికి పైగా నీళ్లే, అందుకే ఒక్క పిల్లికే మూడు లేస్తాయి. డ్రై ఫుడ్ అయితే 55, 60 గ్రాములు చాలు. మాంసమే పెడితే 150 గ్రాములు, బాగా కొవ్వు తీసేసిన స్కిన్‌లెస్ అయితే ఇంకొంచెం. కిలో 250 అనుకుంటే రోజుకు నలభై రూపాయల లోపు. అంటే పూర్తి మాంసం పౌచ్‌ల కంటే బాగా చవక, మామూలు డ్రై ఫుడ్ కంటే మాత్రం ఖరీదు. ఇది ఎవరూ చెప్పరు.

పైగా పూర్తిగా ఇంటి తిండి మీద పెట్టాలంటే జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ డి, ఇ అన్నీ లెక్కకు రావాలి. ఆ డేవిస్ యూనివర్సిటీ వాళ్లే పుస్తకాల్లో, ఇంటర్నెట్లో దొరికే 114 పిల్లి వంటకాలను పరీక్షించి 2019లో ప్రచురించారు. అన్ని పోషకాలూ సరిపోయినది ఒక్కటీ లేదు, వెటర్నరీ డాక్టర్లు రాసినవాటితో సహా. నా వంటకం ఆ పరీక్షకు నిలబడుతుందని నేను అనుకోను, మీరూ అనుకోకండి. అందుకే సగం సగం: సగం కేలరీలు 'కంప్లీట్' అని రాసి ఉన్న డ్రై ఫుడ్ నుంచి, సగం మాంసం నుంచి. చిన్న చిన్న లోట్లు మొదటి సగం పూడుస్తుంది, నీళ్లూ మాంసకృత్తులూ రెండో సగం ఇస్తుంది.

మగపిల్లికి పొద్దున, రాత్రి కలిపి 30 గ్రాముల డ్రై ఫుడ్, 75 గ్రాముల మాంసం. గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి రోజంతా వదిలేసే అలవాటుంటే ఆపేయండి, లేకపోతే మాంసం ముట్టదు, ముట్టినా లావెక్కుతుంది.

కూనకు ఈ సగం సగం వర్తించదు. మిరియాన్ని గుర్తు పెట్టుకోండి. ఏడాది నిండేదాకా దానికి కూనల డ్రై ఫుడ్డే, మాంసం ఒక పెద్ద చెంచా మాత్రం, రుచికి. మగపిల్లి గిన్నెలో మూతి పెట్టడానికి వస్తుంది, రానీయకండి, తలుపు వేసి పెట్టండి.

నేను వండేది చెప్తాను, కిలో లెక్కన. స్కిన్‌లెస్ తొడ మాంసం 700 గ్రాములు, ఎముక తీసింది. గుండెకాయలు, కందనకాయలు కలిపి 200. లివర్ 50. ఒక గుడ్డు. మా ఊరి షాపులో ఎందుకు స్కిన్‌లెస్ అంటానంటే, స్కిన్‌తో అమ్మే కోడిని వేడినీళ్లలో ముంచి ఈకలు పీకే డ్రమ్ములో తిప్పుతారు, ముందు వచ్చిన పది కోళ్ల మురికి దానికి అంటుతుంది. స్కిన్‌లెస్‌కి ఈకలతో సహా తోలు లాగేస్తారు, డ్రమ్ములోకి పోదు. ఉడికించేవాళ్లకు ఇది పెద్ద తేడా కాదు, కానీ చూసిన కన్ను ఊరుకోదు. పొద్దున్నే వెళ్లండి. ఆదివారం వెళ్లకండి. మా షాపబ్బాయి మొదట్లో "గుండెకాయలొక్కటే ఏరి ఇవ్వడం కుదరదండీ" అన్నాడు. పిల్లి ఫొటో చూపించాక ఇప్పుడు కవర్లో కట్టి పక్కన పెడుతున్నాడు, సగం రోజులు డబ్బు కూడా తీసుకోడు.

ఒక గ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి, మరిగాక సన్నసెగ మీద లోపల ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఉంచుతాను. గుడ్డు చివర్లో కొట్టి కలుపుతాను. కందనకాయలు గట్టివి కాబట్టి ముందే సన్నగా తరగాలి. చల్లారాక కత్తిరించి, ఉడికిన నీళ్లతో సహా కలిపి, అప్పుడు మూడు వస్తువులు వేస్తాను: గుడ్డు పెంకు పొడి ఒక చెంచా, టౌరిన్ రెండు గ్రాములు, చిటికెడు అయోడైజ్డ్ ఉప్పు. టౌరిన్ మనుషులకు అమ్మే 500 మిల్లీగ్రాముల గొట్టం మాత్రలే, నాలుగు విప్పి పోస్తే సరి. వేరే ఏమీ కలపని శుద్ధ టౌరిన్ అయి ఉండాలి, కొనేముందు లేబుల్ చదవండి.

పెంకు పొడి మీద కొంచెం ఆగుతాను, ఎముకకు బదులు ఇదే కాబట్టి. పెంకులు కడిగి, లోపలి పొర తీసి, పది నిమిషాలు మరిగించి, ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టండి. మిక్సీ చిన్న జార్‌లో తడి లేకుండా తిప్పి టీ వడపోతలో జల్లించండి. వేళ్ల మధ్య రాస్తే ముఖానికి రాసుకునే పౌడరులా ఉండాలి, గరుకు తగిలితే మళ్లీ తిప్పండి. ఒక గుడ్డు పెంకు దాదాపు ఐదు గ్రాములు, అదే ఒక చెంచా, అందులో కాల్షియం సుమారు రెండు గ్రాములు, కిలో ఎముక లేని మాంసంలోని భాస్వరానికి దాదాపు జోడు. వంటలో వాడిన గుడ్డు పెంకుతోనే ఆ కిలో లెక్క తీరిపోతుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎవరో కావాలని కుదిర్చినట్టుంది. దీనికి తోడు కాల్షియం సిరప్ పోయకండి, ఎక్కువైనా తప్పే.

ఎముకలు అడిగారు. ఉడికిన ఎముక వద్దు, చీలికలుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మెడ ముక్కల్ని షాపులో మొద్దు మీద కత్తితో ఖీమా కొట్టించి పెట్టడం కూడా వద్దు, అందులో సూదుల్లాంటి ముక్కలుంటాయి. ఇంటి మిక్సీలో వేస్తే మిక్సీ పోతుంది, నాది పోయింది.

వారానికి ఒకసారి మాంసం బదులు కవళ్ల చేపలు ఉడికించి, ముల్లు తీసి పెడతాను, విటమిన్ డి కోసం. చేప పచ్చిగా అసలు వద్దు: కొన్ని రకాల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, రోజూ తింటే పిల్లి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఎండుచేప ఉప్పుమయం, మానేయండి. ఇంట్లో మిగిలిన చికెన్ కూర ముక్క కడిగి పెట్టడం కూడా మానేయాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, కడిగితే పోవు, ముక్కలోకి ఇంకి ఉంటాయి.

ఖర్చు ఇలా తేలుతుంది: ప్రస్తుతానికి రెండింటికీ కలిపి నెలకు మాంసం రెండు కిలోల ముప్పావు, కిలో 250 చొప్పున ఏడు వందలు. డ్రై ఫుడ్ మగదానికి 900 గ్రాములు, కూనకు సుమారు 1.8 కిలోలు, కిలో 450 అనుకుంటే పన్నెండు వందలు. టౌరిన్, గ్యాసు కలిపి రెండు వందలు వేయండి. రెండు వేల చిల్లర. మీ ఊరి రేట్లు వేసుకుని చూడండి, మూడు వేలు దాటదు. మిగిలినదాన్ని డాక్టరు ఖర్చుకు పక్కన పెట్టండి. ఆ డాక్టరు గారికే ఈ వంటకం ఒకసారి చూపించండి, ముఖ్యంగా మగపిల్లికి మూత్రం ఇబ్బంది ఎప్పుడైనా వచ్చి ఉంటే. కిడ్నీ జబ్బుంటే ఇది వద్దు.

రేపటి నుంచే మార్చేయకండి. మొదటి రెండు రోజులు మామూలు తిండిలో ఒక చెంచా, అలా పది రోజుల్లో సగానికి రండి. ముట్టకపోతే "ఆకలేస్తే అదే తింటుంది" అని పంతానికి పోవద్దు. అది కుక్కకు చెల్లుతుంది. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే, లావు పిల్లయితే మరీ, లివర్‌లో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. గోరువెచ్చగా చేసి పెట్టి చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసాన్ని మా ఐదింట్లో నాలుగు వాసన కూడా చూడవు.

అమ్మగారి ఫ్రిజ్ గొడవ ఒక్కటి మిగిలింది. పచ్చి మాంసం తెచ్చిన గంటలోపే పొయ్యెక్కితే ఫ్రిజ్‌లో పచ్చిది ఉండే పనే లేదు. ఉడికినది మూత గట్టిగా పట్టే డబ్బాల్లో, రెండు రోజులకు సరిపడా కింద, మిగతాది ఫ్రీజర్‌లో. పెట్టిన గిన్నె అరగంటలో తీసేయండి. పిల్లి కోసం ఒక కత్తి, ఒక పలక, ఒక గిన్నె విడిగా కొని, వాటి మీద నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టండి. మా అమ్మ ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ డబ్బాలు చూసి వారం రోజులు ముక్కు మూసుకుంది. ఎనిమిదో రోజు నేను ఆఫీసు నుంచి ఆలస్యమైతే ఆమే వేడిచేసి పెట్టింది, పక్కన చెంచాడు పెరుగు వేసి. పెరుగు వేసిందని తెలిసినా నేనేమీ అనలేదు, చెంచాడే కాబట్టి.